చుట్టబట్టలు

విడపనకల్లు దారిలోని ఆ ఊరికి చెరువు ఉందన్న పేరే గానీ, వరస కరువులతో అందులో మేకలు మేస్తున్నాయి. తాగడానికి ఊరందరికీ దిక్కు చెరువుకట్ట కింది దిగుడుబావి ఒక్కటే. ఆ బావి నీళ్లలోనే నారికురుపు ఉందని తిరుపాలమ్మ చెబితే నమ్మినవాళ్లు తక్కువ.

"మా తాత తాగినాడు, ముత్తాత తాగినాడు. ఒంటి వేడికి లేచే కురుపుకు బావేం చేస్తాదక్కా?" అనేది పక్కింటి హనుమక్క.

తిరుపాలమ్మకు నమ్మక తప్పలేదు. కిందటేడు ఒక్కగానొక్క కొడుకు ఎర్రిస్వామి చీలమండ దగ్గర బొబ్బ లేచి పగిలింది. అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టింది. దాన్ని వేపపుల్లకు చుట్టి, తెగకుండా రోజుకింత లాగుతూ తల్లి కూర్చుంది. ఆ రోజుల్లోనే వాన పడింది. అందరి చేలల్లో శెనక్కాయ విత్తనం పడింది. వీళ్ల చేను మాత్రం బీడుగా ఉండిపోయింది. ఇంకో ఏడు అట్లా గడిస్తే ఇంటిల్లిపాదీ వలస పోవాల్సిందే.

అప్పుడే తాలూకా నుంచి టీకాల ఇనస్పెక్టరు వచ్చి చెప్పిపోయాడు. కురుపు కాలు నీళ్లలో పెడితే పురుగు కంటికి ఆనని పిల్లల్ని వదులుతుంది. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి కురుపు లేస్తుంది. నీళ్లు గుడ్డలో వడగట్టుకోవాలి. ఒక్క ఏడాది కురుపు కాలు బావిలో పడకుండా కాచుకుంటే పీడ ఊరు వదిలిపోతుంది. అందరూ తలలూపారు. కానీ కురుపు మంట నిప్పు తొక్కినట్టుంటుంది. దానికి తాతల నాటి నుంచి ఊరికి తెలిసిన మందు ఒకటే: బావి చివరి మెట్టు మీద కూర్చుని కాలు నీళ్లలో పెట్టుకోవడం.

తిరుపాలమ్మ తన పెళ్లినాటి నూలుచీర చింపి ఇంటికొక ముక్క పంచింది. మర్నాడు బావి దగ్గర చూస్తే ఆ ముక్కలన్నీ ఆడవాళ్ల తలల మీద, కుండల కింద చుట్టబట్టలై ఉన్నాయి.

"నీ చీర బలే మెత్తగుండాదక్కా. నెత్తి నొప్పే ల్యా," అని హనుమక్క నవ్వింది.

తిరుపాలమ్మ కూడా నవ్వింది. ఇంకేం చేస్తుంది?

కాలు నయమయ్యాక ఎర్రిస్వామి, తల్లి పోరు పడలేక, పెద్దమనిషి శ్రీరంగప్పను ఒప్పించి మెట్లకు అడ్డంగా మనిషెత్తు రాతిగోడ కట్టాడు. పైన గిలక బిగించాడు. "ఇంగ నిద్రపోమ్మా," అన్నాడు. నిజంగానే ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

గోడ శివరాత్రి దాకా నిలిచింది. తరువాత బావి అడుగంటింది.

ఒక రోజు ఎండ నడినెత్తికి వచ్చేసరికి బావి చుట్టూ ఖాళీ కుండలు చేరాయి. అడుగున మిగిలిన నీళ్లు చెంబుతో ముంచుకుందామంటే మెట్లకు గోడ అడ్డం. గిలక కిర్రుమంటూ తిరిగింది. పైకొచ్చిన బొక్కెనలో బురద.

"దీన్ని నువ్వు తాగి సూపీ అక్కా," అంది హనుమక్క.

"అడుగున నీళ్లుండాయి గదే. రోంత ఊరనీండి."

"ఊరేదాక పిల్లోళ్ల నోట్లో ఏం పోయల్ల? నీ గుడ్డ పిండి పోయల్నా?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. తిరుపాలమ్మ గోడకు వీపు ఆనించి నిలబడింది. "ఈ ఎండాకాలం ఒక్కటి తాళండి తల్లీ. పీడ పోతాది."

కోడలు రామాంజినమ్మ పిల్లను చంకన వేసుకుని ముందుకొచ్చింది. "అత్తా, ఇంట్లో సుక్క ల్యా. పిల్లకియ్యను నాకు పాలు గూడా రాల్యా."

తిరుపాలమ్మ గోడ వదల్లేదు. ఇంతలో ఎర్రిస్వామి గడ్డపార పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు.

"పక్కకు రామ్మా."

"నువ్వు కట్టిందే గదరా!"

"కట్టినోన్నే తీస్తాండా. పిల్ల ఏడుస్తాంటే ఇనపడల్యా నీకు?"

అతని చీలమండకు కట్టిన గుడ్డ ఆమె కంటబడింది. "కాలికేమిరా?"

"ముల్లు."

"ముల్లుకు గుడ్డ కడ్తారా ఎవురన్నా?"

అతను గడ్డపార ఎత్తి గోడకేశాడు. గోడ కట్టకముందు తాగిన నీళ్లే ఇప్పుడు మళ్లీ కురుపై లేచాయి. రాళ్లు ఒక్కొక్కటే మెట్ల మీద దొర్లాయి. "నువ్వు దిగొద్దు నాయనా, ఇంకెవురన్నా ముంచుతారు," అంటూ ఆమె రెక్క పట్టుకుంది. విడిపించుకుని అందరికన్నా ముందు అతనే దిగాడు. చివరి మెట్టు మీద కూర్చుని, గుడ్డ విప్పి కాలు నీళ్లలో పెట్టాడు.

"అబ్బా..." అన్నాడు. అంతే. బిగుసుకుపోయిన ముఖం, పాలు తాగి నిద్రపోయే పసివాడి ముఖంలా వదులైంది.

కేక వేయబోయిన తిరుపాలమ్మ ఆ ముఖం చూసి తమాయించుకుంది. దగ్గరికి దిగి మెల్లగా, "కాలు తీ నాయనా," అంది.

"రోంత సేపుమ్మా."

అతని పక్కనే ఆడవాళ్లు చెంబులతో తోడి కుండలు నింపుకున్నారు. "మా పిల్లోడు సోమప్పను గూడా పిల్చుకొస్తా," అంది హనుమక్క, కుండ ఎత్తుకుంటూ. "వానికీ కాలు మండుతాండాది. రోంత సల్లగుంటాది."

తిరుపాలమ్మ అందరికంటే వెనక కొడుక్కు దూరంగా, అవతలి మూల నీళ్లు తోడింది. నడుములో దోపుకున్న గుడ్డ తీసి కుండమూతికి కట్టి వడగట్టింది. అవతలి మూలైనా బావి ఒకటే. గుడ్డలో నాలుగు పాచిపోగులు మిగిలాయి. ఇంకేమీ కనిపించలేదు.

"బిరీన తా అత్తా!" పైనుంచి కోడలు పిలిచింది. పిల్ల ఏడుపు వినబడుతూనే ఉంది.

తిరుపాలమ్మ ఆ గుడ్డ పిండింది. చుట్టగా చుట్టి తల మీద పెట్టుకుంది. దాని మీద కుండ ఎత్తుకుని, దొర్లిన రాళ్ల మధ్య చూసుకుంటూ మెట్లెక్కింది.