ఆఖరి వరుస

కరీంనగర్ బస్టాండు వెనుక ఒక మేడమీద జలపతిరావు కంప్యూటర్ ఆఫీసు నడిపేవాడు. ఒకే ప్రోగ్రామును ఇద్దరు ముగ్గురు దిద్దడం, ఒకరు రాసింది మరొకరి చేతిలో చెరిగిపోవడం అక్కడ రోజూ ఉండే గోసే. 1996లో దానికి ఆ ఆఫీసులోనే పనిచేసే వెంకటి విరుగుడు కనిపెట్టాడు. ఎవరు ఏది దిద్దినా పాత ప్రతిని దాచిపెట్టే ప్రోగ్రాము రాశాడు. 'వాపస్' అని కొడితే అడిగిన పాత ప్రతి తిరిగి వస్తుంది. ఆదిలాబాద్‌లో ఒక ఆఫీసువాళ్లు అది తమకూ కావాలన్నారు. మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు ఆ ప్రోగ్రామున్న ఫ్లాపీలు పంపాలి.

ప్రోగ్రాము సరిగా పనిచేస్తోందా అని చూసేందుకు ఒకరు రాసిన పరీక్షల కోడ్‌ను ఇంకొకరు చూడనిదే ఏదీ గడప దాటకూడదన్నది జలపతిరావు పెట్టిన కట్టుబాటు. ఈసారి వంతు రషీదాది. మెట్‌పల్లి నుంచి వచ్చి ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలే అయినా, కోడ్ చదివి తప్పు పట్టగలనన్న గురి ఆమెకు ఉంది.

"వెంకటన్నా, పరీక్షల్ల లొసుగున్నది," అంది.

"పన్నెండు పెట్టిన. పన్నెండూ పాసైనయి. ఇంకేం లొసుగు?"

"అన్నీ పాసైతున్నయి, గదే నా ఫికర్. ఫైలు వాపస్ వచ్చిందా అని చూస్తున్నయి గని, అండ్ల ఏమున్నదో చూస్తలేవు."

వెంకటి ముఖం మాడ్చుకున్నాడు. జలపతిరావు గడియారం చూసుకుని, "నోటిమాట కాదమ్మా, చూపియ్యి," అన్నాడు.

రషీదా ప్రోగ్రాముకు ఒక నకలు తీసి, అందులో పాత ప్రతిని ఫైల్లోకి రాసే వరుసను కావాలనే తీసేసింది. ఇప్పుడు 'వాపస్' కొడితే ఖాళీ ఫైలే వస్తుంది. పరీక్షలు నడిపింది. పన్నెండూ మళ్లీ పాసయ్యాయి.

వెంకటి ముందుకు వంగి ఫైలు తెరిచాడు. ఒక్క అక్షరం లేదు.

"అరె!" అన్నాడు.

ఆమె ఆగలేదు. వచ్చిన ఫైలును పాత ప్రతితో అక్షరం అక్షరం పోల్చేలా పరీక్షలను మార్చింది. వెంకటి రాసిన అసలు ప్రోగ్రాము మీద నడిపితే పన్నెండూ నిలబడ్డాయి. అయితే ఆ పరీక్ష ఫైళ్లన్నీ చివర ఎంటర్ కొట్టి ముగించినవే. ఎంటర్ కొట్టకుండా వదిలేసిన ఫైలుతో పదమూడో పరీక్ష రాసింది. అది తప్పింది.

"ఆఖరి వరుస రాలేదన్నా."

వెంకటి తల తిప్పి, పక్క బల్ల దగ్గరున్న దేవకి వైపు చూశాడు. పోయిన నెల 'వాపస్' కొట్టి తెచ్చుకున్న ఆమె ఫైల్లో చివరి వరుస మాయమైతే, నువ్వే చెరిపి ఉంటావని నలుగురి ముందూ కసిరాడు. ఆమె కాదన్నా వినలేదు.

"దేవకీ, గప్పుడు నువ్వన్నదే నిజం. ఉత్తగనే నిన్ను పరేషాన్ జేసిన. మనసుల పెట్టుకోకు."

"నేను చెరపలేదని నాకెరుకనే," అంది దేవకి.

దోషం దిద్దేసరికి నాలుగయింది. బస్సు వెళ్లిపోయింది. ఆదిలాబాద్‌కు ఫోన్ చేసి రేపు వస్తాయని చెప్పిన జలపతిరావు, రషీదా వైపు తిరిగాడు.

"రేపు నువ్వే తీస్కపో. ఏమన్న అడిగితే జవాబు చెప్పాలె గద."

"చెప్త సార్," అంది రషీదా.

మర్నాడు ఆదిలాబాద్‌లో ఆ ఆఫీసువాళ్ల ఫైళ్లకే నకళ్లు తీసి, వాటి మీదే 'వాపస్' నడిపి చూపించింది. ఒక్క వరుస కూడా పోలేదు.