తాకక ముందే పడేవాళ్ళు

హిరానుమా గురువుగారు చెయ్యి ఎత్తితే చాలు, మనుషులు పడిపోయేవారు. ఎత్తబోయినా పడేవారు. ఒకసారి ఆయన మెడ మీద దోమను కొట్టుకోబోతే, ఎదురుగా నిలబడ్డ శిష్యుడు, మంగలి తోకునాగా దబ్బున వెల్లకిలా పడ్డాడు. గురువుగారు కాసేపు తెల్లబోయి చూసి, "బాగా పడ్డావోయ్" అన్నారు. ఆ మెప్పు గురించి చెప్పుకుంటూ తోకునాగా నెల్లాళ్ళు క్షవరాలు చేశాడు.

ఈ పడటం, ఎదుటివాడి చెయ్యి పట్టి విసిరే విద్య నేర్పే మా ఊరి ఐకిడో శాలలో ఎప్పుడు మొదలైందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. గురువుగారికి అరవై దాటాక ఎవరో ఒక శిష్యుడు, పాపం పెద్దాయన నడుం పట్టేస్తుందేమోనని, అర అడుగు ముందే పడి ఉంటాడు. అది చూసి పక్కవాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. నాకు మాత్రం గౌరవం లేదా అని వాడు అడుగు ముందే పడ్డాడు. గౌరవంలో పోటీ పడితే మా ఊరివాళ్ళను పట్టలేం. ఇద్దరు పెద్దమనుషులు బస్టాపులో ఎదురుపడి ఒకరికొకరు వంగారంటే, ముందు నడుం ఎత్తేదెవరో తేలేలోపు బస్సు వెళ్ళిపోతుంది. గురువుగారికి ఎనభై నాలుగు వచ్చేసరికి శిష్యులు మూడడుగుల దూరం నుంచే పడుతున్నారు.

అందరిలోకీ అందంగా పడేది నిషిగాకి. మునిసిపాలిటీ మంచినీళ్ళ శాఖలో అధికారి, వయసు యాభై ఎనిమిది. పదమూడేళ్ళ సాధన, నల్ల పట్టీలో మూడో మెట్టు, శాలకి పెద్ద శిష్యుడు. గురువుగారు వయసులో ఉన్నప్పుడు రేవులో మూటలు మోసే వస్తాదుల్ని ఒంటిచేత్తో విసిరేవారని విని చేరాడు. తనకీ ఆ విద్య రావాలని ఆశ. అయితే అతను చేరేనాటికే ఈ మర్యాద బాగా ముదిరిపోయింది. తనని ఇంతవరకూ ఎవరైనా నిజంగా పడేశారా అన్న అనుమానం అప్పుడప్పుడూ ముల్లులా గుచ్చుకునేది. గుచ్చుకున్నప్పుడల్లా ఇంకొంచెం గట్టిగా చప్పుడయ్యేలా పడేవాడు.

చిక్కంతా ఆ శరత్కాలంలో వచ్చిపడింది. నవంబరులో, ఆ ఏడు ఆదివారం వచ్చిన సంస్కృతి దినం నాడు, ఊరి సభామందిరంలో మేయరు ముందు ప్రదర్శన. ఈసారి చివరి అంశం పిల్లల తరగతిలో కొత్తగా చేరిన కొహారుతో చేస్తానన్నారు గురువుగారు. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. దొర్లడం వచ్చు, మొహమాటం రాదు.

సాధనలో గురువుగారు గాలిలో చెయ్యి తిప్పారు. కొహారు ఆ చేతిని చివరిదాకా చూసింది.

"తర్వాతేం చెయ్యాలి తాతయ్యా?"

తోకునాగా ఆ పిల్ల బదులు తను పడదామా అన్నట్టు మోకాళ్ళు వంచాడు. గురువుగారు "ఆదివారం చూద్దాంలే" అని నవ్వి, టీ తాగడానికి లోపలికి వెళ్ళిపోయారు.

గురువుగారి పరువు ఇక తన చేతుల్లోనే ఉందనిపించింది నిషిగాకికి. మర్నాడు బడి వదిలే వేళకి వెళ్ళి, కొహారుని స్టేషను దగ్గర తాయాకి కొట్టుకి తీసుకెళ్ళాడు. చేప అచ్చులో పోసిన పిండి, కడుపులో తీపి పూర్ణం, పొగలు కక్కుతోంది.

"అమ్మడూ, ఆదివారం గురువుగారి చెయ్యి నీ వైపు రాగానే పడిపోవాలి. సరేనా?"

"తగిలితేనా?"

"తగలక్కర్లేదు."

"తగలకుండా ఎందుకు పడతాను మావయ్యా? నాకేం కళ్ళు తిరగట్లేదుగా?"

"అది మర్యాదమ్మా. పెద్దాళ్ళకి చేస్తాం."

"మరి మీరంతా ఊరికే పడుతున్నారని తాతయ్యకి తెలుసా?"

నిషిగాకికి పూర్ణం నాలిక మీద చురుక్కుమంది. తెలిస్తే సిగ్గుచేటు. తెలియకపోతే ఇంకా సిగ్గుచేటు. "నువ్వు తిను ముందు" అన్నాడు.

"ఇంకో రెండు ఇప్పిస్తే పడతా."

ఇప్పించాడు. ఆ మూడోదాని తోక కూడా వదలకుండా తిని, కొహారు మాటిచ్చింది.

ఆదివారం సభామందిరం నిండింది. మేయరు ముందు వరసలో కూర్చుని ఆవలింత మింగుతున్నాడు. గురువుగారు చేతులు ఊపుతుంటే పెద్ద శిష్యులు వరసగా పడ్డారు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. చివరికి కొహారు వచ్చింది. గురువుగారి చెయ్యి గాలిలో తిరిగింది. పిల్ల మోకాళ్ళు వంచింది, ఆలోచించింది, మళ్ళీ నిటారుగా నిలబడింది.

"తాతయ్యా, మావయ్య పడమన్నాడు. కానీ మీరింకా ఏం చెయ్యలేదు కదా!"

మైకు దగ్గరే ఉంది. మాట వెనక వరస దాకా వినబడింది.

గురువుగారు ఆ పిల్ల వంక చూసి, "నిజమే. చెయ్యలేదు" అన్నారు. ఒక అడుగు ముందుకేసి ఆమె మణికట్టు పట్టుకున్నారు, నడుం తిప్పారు. కొహారు గిర్రున తిరిగి, చాపల మీద బంతిలా దొర్లి, ఆ ఊపులోనే లేచి నిలబడింది.

"మళ్ళీ! మళ్ళీ!"

హాలు హాలంతా లేచి అరిచింది. గురువుగారి బుగ్గలు ఎర్రబడ్డాయి. తన చేతుల్ని తానే ఒకసారి చూసుకున్నారు.

"నిషిగాకీ! రావోయ్, నువ్వు రా!"

నిషిగాకికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదమూడేళ్ళుగా తను కోరుకున్నది ఇదే. వెళ్ళి పాదాలు గట్టిగా ఊని నిలబడ్డాడు. ఈసారి పడను, పడేస్తేనే పడతాను అనుకున్నాడు. గురువుగారి చెయ్యి కదిలింది, జానెడు దూరంలో ఉంది. అంతలోనే నిషిగాకికి పైకప్పు దీపాలు కనబడ్డాయి. వెల్లకిలా, బ్రహ్మాండంగా పడ్డాడు.

"నేనింకా ముట్టుకోలేదోయ్" అన్నారు గురువుగారు.

"క్షమించండి గురువుగారూ. ఇంకొక్కసారి."

పళ్ళు బిగించి లేచాడు. మళ్ళీ పడ్డాడు. మూడోసారి కొహారు పరుగున వచ్చి వెనకనుంచి అతని పట్టీ పట్టుకుంది. "నేను పట్టుకున్నాగా మావయ్యా, పడకండి!" అంది. చెయ్యి వచ్చింది. ఆ పిల్లని కూడా లాక్కుంటూ పడ్డాడు.

గురువుగారు మెల్లగా వచ్చి అతని తల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. మైకుకి అందనంత నెమ్మదిగా మాట్లాడారు.

"నువ్వు చేరినప్పుడు ఈ చేతుల్లో ఇంకా బలం ఉండేదోయ్. ఒక్కరోజన్నా చెయ్యి తగిలేదాకా పడకుండా ఆగుతావేమోనని చూశాను. ఆగమని అడగడానికి నాకు మొహమాటం. ఇప్పుడు పిల్లదానికి సరిపోయేంతే మిగిలింది."

నిషిగాకి లేవలేకపోయాడు. ప్రదర్శన అయిపోయిందనుకుని మేయరు చప్పట్లు మొదలుపెట్టాడు.