చెప్పి వెళ్లడం

యమునకి నిద్ర బడిలో వస్తుంది, ఇంట్లో రాదు. తొమ్మిదేళ్ల పిల్ల బల్ల మీద తల వాల్చేస్తోందని టీచరు శైలజ కబురు పెట్టడం, గౌరి వెళ్లి తల దించుకుని వినడం మామూలైపోయింది. విజయనగరం శిశుగృహం నుంచి పిల్లని దత్తత తెచ్చుకుని రెండు నెలలైనా కాలేదు. పెంచడం చేతకాలేదని అధికారులు వెనక్కి తీసుకుపోతారేమోనని గౌరికి ఒకటే దడ.

చెయ్యని పని లేదు. పెందలాడే అన్నం పెట్టింది, వేడినీళ్లు పోసింది, పక్కలో వేసుకుని జోకొట్టింది. అత్త అసిరమ్మ దిష్టి తీసి తీసి ఎండుమిరపకాయల డబ్బా ఖాళీ చేసింది. అయినా తెల్లారగట్ల గౌరి మొగుడు ఎల్లాజీ వల భుజాన వేసుకుని చేపల వేటకి బయల్దేరే వేళకి, పిల్ల గుమ్మంలో కూర్చునే ఉండేది.

ఆదివారం చేపలు ఎండబెడుతూ గౌరి అడిగేసింది. "రాత్రంతా దేనికి కాపలా కాస్తన్నావే?"

యమున చేపలు తిరగేస్తూ చెప్పింది.

"ఆయన సెప్పకుండా ఎల్లిపోతాడు కదా. మా అమ్మ కూడా అలాగే ఎల్లిపోనాది. నాను పడుకున్నప్పుడు."

వేటకి పోయేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు, వాడూ చెప్పకూడదు, అది వేటగాళ్ల ఆనవాయితీ. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే కాబట్టి, ఆ సంగతి పిల్లకి తెలియదని గౌరికి తోచనే లేదు.

సాయంత్రం మొగుడితో చెప్పింది. అసిరమ్మ ఒప్పుకోలేదు. "సముద్రంతో ఆటలేటి? సెప్పి ఎల్తే వల కాళీగా వస్తాది."

మర్నాడు మాత్రం ఎల్లాజీ గుమ్మంలో వల దించి, అసిరమ్మ వింటూండగానే పిల్ల ముందు కూర్చున్నాడు.

"అమ్మా, ఏటకి ఎల్తన్నాను. నువ్వు బడికెల్లే యేలకి వచ్చెస్తాను. పడుకో."

వల నిజంగానే ఖాళీగా వచ్చింది. ఏదో అనబోయిన అసిరమ్మకి, వల కొస పట్టుకుని ఎల్లాజీ వెనకాల గెంతుకుంటూ వస్తున్న పిల్ల కనిపించింది. ముసలామె ఆ మాట మింగేసింది. అతను రోజూ చెప్పాడు, రోజూ బడివేళకి వచ్చాడు.

వారం తిరిగేసరికి ఒక తెల్లవారుజామున గుమ్మంలో ఎవరూ లేరు. ఎల్లాజీ అడుగులో అడుగు వేసుకుంటూ గడప దాటబోయాడు.

"ఒరే," అంది చీకట్లోంచి అసిరమ్మ. "పిల్లకి సెప్పకుండా ఎల్తావేట్రా?"

అతను వెనక్కి వచ్చి, వంగి, నిద్రపోతున్న పిల్ల చెవిలో చెప్పాడు.

"తొరగా రా నాన్నా," అని నిద్రలోనే అటు తిరిగి పడుకుంది యమున.