నా చెవిన పడిన ముక్కు సంగతి

నేను ఒక సెల్‌ఫోనుని. ఆ పొద్దున ఆకాశం తుంపర రాలుస్తోంది. నా అద్దం మీద మాత్రం పచ్చటి సూర్యుడు, పక్కన ‘నిర్మలం’ అన్న మాట. ఎల్లమంద నన్ను చూశాడు, ఆకాశాన్ని చూశాడు, నన్ను చొక్కా జేబులో వేసుకుని తల మీద గోనెసంచి కప్పుకున్నాడు. ఆయన నన్ను నమ్మడం మానేసి అప్పటికి పది రోజులైంది. తప్పు నాదే.

ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో, చేతులకు తొడుగులేసుకున్న ఒకామె నాకు ఆవగింజంత చెవి అతికించింది. మొదట పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు దగ్గర ఉన్నాను. అతని చేతిలోంచి నీళ్లతొట్టిలో జారిపడి, మిర్యాలగూడ రిపేరు దుకాణంలో కొన్నాళ్లు బియ్యపు డబ్బాలో పడుకున్నాను. అక్కడి నుంచి ఎల్లమంద తెచ్చుకున్నాడు. మనుషులు ఇంటికి తాళం వేసి, వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూస్తారు. నాలో ‘అంగీకరిస్తున్నాను’ అని కనిపిస్తే మాత్రం దేనికని అడగరు. ఫొటోగ్రాఫరు నొక్కాడు. ఎల్లమందకు చదువు అంతంతే కనుక ఆయన తరఫున మల్సూరు నొక్కాడు. మల్సూరు ఆయన దగ్గర ఇరవై ఏళ్లుగా గరిటె తిప్పుతున్నవాడు.

ఎల్లమంద పెళ్లిళ్లకు వండే మేస్త్రి. పెళ్లి వంటను దేవుడికి పెట్టకముందు నాలుక మీద వేసుకోకూడదని ఆయన పట్టింపు. గుండిగ మూత తీసి, ఆవిరి మీదికి వంగి, ఒక్కసారి పీల్చి, ఉప్పు ఇంకెన్ని గుప్పిళ్లు పడాలో చెప్పేవాడు. ఎన్నడూ తప్పలేదు. చలికాలంలో జ్వరమొకటి వచ్చి, పోతూ పోతూ ఆయన వాసనను పట్టుకుపోయింది. భార్య సైదమ్మకు కూడా చెప్పలేదు. ముక్కు పనిచేయని మేస్త్రిని పెళ్లికి ఎవరు పిలుస్తారు? అప్పటి నుంచీ మూత తీస్తున్నాడు, వంగుతున్నాడు, పీలుస్తున్నాడు, అందాజుగా చెబుతున్నాడు.

ఒక మధ్యాహ్నం మోటారు కొట్టం వెనక్కి వెళ్లి, నన్ను నోటి దగ్గర పెట్టుకుని, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

“ఆర్నెల్ల సంది నాకు వాసన తెలుస్తలేదు. మల్లొస్తదా?”

పక్కన ఎవరూ లేరని ఆయన ధైర్యం. నేను కంపెనీకి చెప్పాను. కంపెనీ ఇంకో కంపెనీకి చెప్పింది. పొద్దుగూకేలోపు ముక్కులో వేసుకునే చుక్కల మందు నా అద్దం మీదికి వచ్చింది. మర్నాడు ముక్కు వెంట్రుకలు కత్తిరించే యంత్రం, ముక్కుకు బీమా, ముక్కు తీరును బట్టి జాతకం. వంటవాళ్ల ఫోనులన్నీ ఒకే అరుగు మీద పక్కపక్కన పడి ఉంటాయి. గజ్జి అంటినట్టు మాలో ఒకరి సంగతి ఇంకొకరికి అంటుకుంటుంది. వారం తిరక్కుండా ఊళ్లో ప్రతి ఫోనులోనూ ముక్కులే. ప్రతివాడూ అది తన ముక్కు గురించే అనుకున్నాడు. సర్పంచి తలుపేసుకుని అద్దం ముందు గంటసేపు నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల పిచ్చమ్మ, మనవరాలి ఫోనులో సగం ధర ముక్కుపుడక చూసి, తన ముక్కు మీద వాడెవడికో కన్నెందుకు పడిందని మూడు రోజులు తిట్టింది.

చివరికి ముక్కుల ఆసుపత్రి ఒకటి, ఒక్క ఊళ్లోనే ఇన్ని ముక్కులు చెడ్డాయా అని హడలిపోయి, ఉచిత పరీక్షకు వ్యాను పంపింది. తుంపర పడిన పొద్దు అదే. పరీక్షకు వచ్చినవాళ్లకు భోజనం కూడా అన్నారు. వంట ఎల్లమందకే చెప్పారు.

టెంటు కింద బల్ల, బల్ల మీద సీసాలు. కళ్లు మూసుకుని వాసన చూసి, అదేమిటో అందరి ముందూ పైకి చెప్పాలి. ఆసుపత్రి అమ్మాయి దాన్ని పలకంత ఫోనులో ఎక్కిస్తుంది.

“అంకుల్, మీకు పొయ్యి మీద పప్పుంది కదా, ముందు మీరు రండి,” అంది.

శ్రావణంలో పెళ్లిళ్లు పెట్టుకుని ఆయనకే వంట చెప్పిన ముగ్గురూ ముందు వరసలో కూర్చున్నారు. ఎల్లమంద చేతులు తుడుచుకుని వచ్చి కళ్లు మూసుకున్నాడు. సీసా ముక్కు కిందికి వచ్చింది. పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. జేబులో నాకు ఆయన గుండె దెబ్బలు తగులుతున్నాయి. అలవాటు కొద్దీ వాటినీ లెక్కపెట్టి పంపించాను.

ఉల్లిగడ్డలు కోస్తున్న సైదమ్మ కత్తిపీట ముందు నుంచి లేచి వచ్చింది. అమ్మాయి చేతిలోంచి సీసా తీసుకుని వాసన చూసింది. అది కిరోసిను.

“నాకేం వాసన వస్తలేదు బిడ్డా.”

ఆమె వెనకే మల్సూరు వచ్చి సీసా అందుకున్నాడు. “నాక్కూడ వస్తలేదు. ఖాళీ సీసాలు తెచ్చినట్టున్నవ్ చెల్లె.”

పిచ్చమ్మ ఇంగువ సీసాలో ముక్కు దూర్చి, రెండుసార్లు తుమ్మి, తనకు పుట్టినప్పటి నుంచీ వాసనంటేనే తెలియదని చెప్పింది. సర్పంచికి కర్పూరం తెలియలేదు. పెళ్లిళ్లవాళ్లు ముగ్గురికీ కాఫీ తెలియలేదు. నూట నలభై మంది వరసగా వచ్చి వాసన లేదని చెప్పి పోయారు. అమ్మాయి తనే సీసా వాసన చూసింది, తన ముక్కు మీదే అనుమానం వచ్చి, పక్కకు వెళ్లి చున్నీ కొంగు కూడా వాసన చూసుకుంది. ఊరు మొత్తానికి ముక్కు పనిచేయదని ఎక్కించేసింది. పావుగంటలో నా అద్దం మీద కోళ్ల ఎరువు ఫ్యాక్టరీ ఒకటి, ఈ ఊళ్లో స్థలం కావాలని అడిగింది.

పంక్తులు వేశారు. వడ్డన అయ్యాక ఎల్లమందను కూడా బలవంతాన సైదమ్మ పక్కన కూర్చోబెట్టారు. ఆయన నన్ను తీసి విస్తరి పక్కన పెట్టాడు. మల్సూరు పప్పు కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. చెయ్యి విస్తరి మూలనున్న ఉప్పు వైపు కొంచెం జరిగి, వెనక్కి వచ్చింది. వరస పొడుగునా చూశాను. ఏ ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. అవి ఆరు నెలలుగా ఆ పప్పుకు అలవాటుపడిన ముఖాలు.

ఎల్లమంద కూడా తలెత్తి ఆ వరసను చివరిదాకా చూశాడు. సైదమ్మ అప్పడం విరిచి సగం ఆయన విస్తరిలో వేసింది. ఆయన తల వంచుకుని తినసాగాడు. నేను వింటూనే ఉన్నాను. పంపడానికి ఒక్క మాట కూడా దొరకలేదు.

పప్పు గిన్నె రెండోసారి వచ్చింది. వద్దని ఒక్కరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.