కడుపు కాదు, చెవి

బాలమణి మూడు రోజులుగా ఏడుస్తూనే ఉంది. నాలుగేళ్ల పిల్ల. పుట్టినప్పటి నుంచి కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు, మెడ నిలవదు, మాట రాదు. తండ్రి కురుమూర్తి గొర్రెలను తోలుకుని నల్లమలకు పోయాడు. మల్దకల్‌లోని ఇంట్లో తల్లి జములమ్మ, నాయనమ్మ సాయమ్మ మిగిలారు.

సాయమ్మ వెళ్లి వైద్యుడు బక్కయ్యను పిలుచుకొచ్చింది. ఆయన పిల్ల పొట్ట నొక్కి చూశాడు.

“కడుపుల వాయువు. వాత పెట్టాలె,” అని ఇనుప కడ్డీని పొయ్యిలో పెట్టాడు.

“కడుపు కాదు, చెవి,” అంది జములమ్మ.

“నీకెట్ల తెలుసు?”

“అదే చెప్పింది.”

బక్కయ్య నవ్వాడు. “మాటే రాని పిల్ల ఏం చెప్తదమ్మా?”

జములమ్మకు ఆ నవ్వు కొత్త కాదు. అవునంటే బాలమణి కళ్లు పైకెత్తుతుంది, కాదంటే గట్టిగా మూసుకుంటుంది. అది కనిపెట్టడానికే తల్లికి ఏడాది పట్టింది. ఒక్క మాట అడిగి, జవాబు వచ్చేదాకా పని మానుకుని కూర్చునేది. పిల్లతో పాటు తల్లికీ పిచ్చి పట్టిందని వాడకట్టంతా అనుకుంది.

కడ్డీ ఎర్రబడింది.

“కాళ్లు వట్టుకో,” అన్నాడు బక్కయ్య సాయమ్మతో.

జములమ్మ పిల్లను లాక్కుని ఒడిలో వేసుకుంది. “నా బిడ్డను ముట్టినవంటే ఆ కడ్డీ నీకే పెడ్త!”

“పెద్దమనిషిని గంత మాటంటవా?” సాయమ్మ అరిచింది.

“అంట, అత్తా. జర నువ్వే అడుగు దాన్ని.”

సాయమ్మ ఏనాడూ అడిగింది లేదు. కోపంగానే వంగింది. “కడుపు నొస్తున్నదా?”

ఏడుస్తూనే పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది.

“చెవా?”

జవాబు వెంటనే రాలేదు. బక్కయ్య ఏదో అనబోతే జములమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వణుకుతూ, మెల్లగా ఆ కళ్లు పైకి లేచాయి.

సాయమ్మ గొంతు మారింది. “కుడి చెవా, తల్లీ?”

కళ్లు మళ్లీ లేచాయి.

గోరువెచ్చని నువ్వులనూనె ఆ చెవిలో చుక్కలు చుక్కలుగా పోశారు. కాసేపటికి గొర్రెలకు పట్టే పిడుదు పురుగొకటి కాళ్లాడిస్తూ బయటికొచ్చింది. ఏడుపు సద్దుమణిగింది.

“ఏదో గాలివాటం,” అంటూ బక్కయ్య వెళ్లిపోయాడు. పెద్దవాడిని అవమానించిందని ఊళ్లో చాలామంది జములమ్మతో మాటలు మానేశారు. ఆమె లెక్కచేయలేదు.

వారానికి ఆ చెవిలో చీము పట్టింది. జములమ్మ పిల్లను చంకనేసుకుని గద్వాల దవాఖానకు నడిచింది. డాక్టరు పిల్ల చెవి వైపు చెయ్యి చాపగానే ఆమె వెనక్కి జరిగింది.

“ముందు దానికి చెప్పుండ్రి, దొరా. అది కళ్లెత్తినంక ముట్టుండ్రి.”

డాక్టరు విసుక్కున్నాడు. వెనక వరుసలో జనం గొణిగారు. జములమ్మ కదల్లేదు. చివరికి ఆయనే వంగి, ఏం చేయబోతున్నాడో బాలమణికి చెప్పాడు.