ఒక్క బకెట్టు తెలుపు

"వంటింట్లో ఎలాగూ పొయ్యి మండుతూనే ఉంటుంది. దాని కప్పు మీద చల్లరంగు వేయడమంటే బూడిదలో పోసిన పన్నీరే," అన్నాడు భర్త, ఫోన్‌లోంచి తలెత్తకుండా. "పడగ్గది మీద వెయ్యి. ఏసీకి కాస్త ఊపిరాడుతుంది."

ఏసీకి ఊపిరాడాలి! పొయ్యి ముందు నిలబడి, చెమట కళ్ళల్లోకి కారుతుంటే, ఆమె ఆ మాటనే నములుతూ ఉండిపోయింది.

రంగుల దుకాణంలో ఉద్యోగం ఆమెది. సొట్టపడి అమ్ముడుపోని చల్లరంగు బకెట్టొకటి యజమాని ఆమెకిచ్చాడు. రెండు పూతలు వేస్తే ఒక్క గదికే వస్తుంది. కౌంటర్ దగ్గర ఆ రంగు గురించి రోజూ చెప్పేదే: "స్లాబు పగలంతా ఎండ తాగి సాయంత్రం ఇంట్లోకి కక్కుతుందండీ. ఈ తెల్లరంగు ఎండను వెనక్కి తిప్పికొడుతుంది. అందరూ వేసుకుంటే వీధి కూడా చల్లబడుతుంది." వచ్చినవాళ్ళు అంతా విని, "సార్ లేరామ్మా?" అంటారు. సార్ వచ్చి అవే మాటలు అప్పజెబితే, "అలా చెప్పండి మరి!" అని తలూపుతారు.

"పొద్దున బంగారం, సాయంత్రం ఆరయ్యేసరికి తుపాను. ఎవరి పోలికో!" అనేది అత్తగారు, ఆమె కోపం చూసి. ఆ మాట కోడలు కూడా నమ్మింది. తనలోనే ఏదో దోషం ఉందనుకుంది. వంటకు ముందు మనసును బుజ్జగించుకునేది, గరిటె విసిరాక తనను తానే తిట్టుకునేది. మొన్న దుకాణంలోని వేడి కొలిచే పరికరం తెచ్చి ఆరింటికి వంటింటి కప్పుకు గురిపెట్టింది. నలభై ఆరు డిగ్రీలు. పడగ్గది కప్పుదీ అదే వేడి, కానీ అక్కడ ఏసీ ఉంది. దాని బయటి పెట్టె ఊదే సెగ వంటింటి కిటికీలోకే కొడుతుంది. అంటే ఇన్నేళ్ళూ తన స్వభావమనుకుని సిగ్గుపడింది, కాంక్రీటు స్వభావానికా? నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

ఆదివారం ఎండెక్కకముందే రోలరు పట్టుకుని మేడెక్కింది.

"పడగ్గది ఎటుందో తెలుసుగా?" కింద నుంచి కేకేశాడు భర్త. "అసలే దిక్కులు తెలియని మనిషివి!"

తెలుసు. అందుకే వంటింటి పొగగొట్టం చుట్టూ మొదలుపెట్టింది. మొదటి పూత ఆరాక రెండోది. బకెట్టు అడుగున అంటుకున్నది కూడా గీకి గీకి పూసింది. పడగ్గది మీద ఒక్క చుక్క పడలేదు.

మర్నాడు సాయంత్రం అత్తగారు కుర్చీ లాక్కొచ్చి వంటింటి గుమ్మంలో వేసుకుని కూర్చుంది. కాసేపటికి, "ఇక్కడ ప్రాణం హాయిగా ఉందే," అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

పడగ్గదిలోంచి భర్త అరిచాడు: "ఏసీ ఎప్పటిలాగే రొప్పుతోంది. నీ రంగు ఉత్త బోగస్సు!"

ఆమె మంట తగ్గించింది. గొంతు పెంచలేదు.

"రంగు వంటింటి మీద వేశానండీ. చల్లగా కావాలంటే ఇక్కడికి రండి. ఉల్లిపాయలు తరగడానికి ఇంకో కత్తి ఉంది."