జీతం లేని ఆట

పచ్చిక మరక ఓ పట్టాన వదలదు. శుక్రవారం పొద్దుటి నుంచి హెట్టీ తన భర్త లయొనెల్ తెల్ల ప్యాంటును సబ్బు పెట్టి రుద్దుతూనే ఉంది. మొదటి బంతికే అవుటై వచ్చిన మనిషి మోకాళ్ళకు ఇంత పచ్చిక ఎలా అంటుకుంటుందో పన్నెండేళ్ళ కాపురంలో ఆమెకు అంతుపట్టలేదు. పరుగులు వచ్చినా రాకపోయినా మరక మాత్రం ఖాయం.

ఎడ్వర్డ్ రాజుగారి ఏలుబడిలో, ఇంగ్లండులోని సోమర్సెట్‌లో, లయొనెల్ పామ్‌ఫ్రెట్ పేరున్న క్రికెట్ ఆటగాడు. ఆ పేరు ఆట వల్ల వచ్చింది కాదు, ముందున్న 'మిస్టర్' వల్ల వచ్చింది. డబ్బు తీసుకోకుండా ఆడే దొరలకే స్కోరు కార్డులో ఆ మర్యాద. అదే జట్టులో జీతానికి బంతులు వేసే గెడ్జ్‌కి ఉత్త ఇంటిపేరే, మైదానంలోకి వచ్చే గేటు కూడా వేరే. ఆట గెలిపించేది గెడ్జ్, చప్పట్లకు టోపీ తీసేది మిస్టర్ పామ్‌ఫ్రెట్.

"మావాడు డబ్బు ముట్టుకోడమ్మాయ్, ప్రేమ కొద్దీ ఆడతాడు" అంటుంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా. ఆ ప్రేమకు ప్రతి శనివారం ఇరవై రెండు మందికి మాంసం పైలు, కేకులు, టీ కావాలి. అవన్నీ చేసేది హెట్టీ. సాయానికి ఒక్క మనిషిని పెట్టమంటే, "ఛ, కూలికి చేయించిన టీ దొరలకు పోస్తామా? నీ చేత్తో చేస్తేనే గౌరవం" అన్నాడు లయొనెల్. ఆ గౌరవంతో ఆమె నడుం పట్టేసింది. సముద్రం ఒడ్డున వెస్టన్‌లో ఉన్న చెల్లెలికి పాప పుట్టి మూడేళ్ళు కావస్తోంది, హెట్టీ ఇంకా చూడనేలేదు. వేసవిలో వెళ్తానంటే క్రికెట్, చలికాలంలో వెళ్తానంటే అత్తగారి కీళ్ళనొప్పులు.

ఆ మధ్యాహ్నం లయొనెల్ క్లబ్బు కార్యదర్శికి చీటీ రాసి, పోస్టు చేయమని ఆమె చేతికిచ్చాడు. వచ్చేవారం ఆటకు రాడట, చేపలు పట్టడానికి వెళ్తాడట.

"జట్టువాళ్ళు ఇబ్బంది పడరూ?"

"పడితే పడనీ. గెడ్జ్ అయితే జ్వరమొచ్చినా రావాలి, జీతం తీసుకుంటున్నాడుగా. మేం ఊరికే ఆడేవాళ్ళం. వీలుకాదని ఒక్క ముక్క రాస్తే చాలు. ఎందుకని అడిగే హక్కు ఎవడికీ లేదు."

హెట్టీ ఆ చీటీ వంక చాలాసేపు చూసింది. పన్నెండేళ్ళుగా తాను హాజరవుతున్నది గెడ్జ్‌లాగా, జీతం మాత్రం దొరలాగా. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. తానూ ఊరికే ఆడేదాన్నేనని ఇన్నాళ్ళూ ఎవరైనా ఒక్క మాట చెబితేగా!

శనివారం పొద్దున ఫలహారం బల్ల మీద లయొనెల్‌కి ఓ చీటీ దొరికింది. 'నేటి ఆటకు అందుబాటులో ఉండలేనందుకు చింతిస్తున్నాను. ఇట్లు, మిసెస్ పామ్‌ఫ్రెట్.'

అతను దాన్ని పట్టుకుని వీధి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చేసరికి హెట్టీ టోపీకి పిన్ను గుచ్చుకుంటోంది.

"హెట్టీ! ఇరవై రెండు మంది! టీ ఎవరు పెడతారు?"

"ఏమోనండీ."

"దీనికి మతిపోయిందిరా!" అంది అత్తగారు లోపల్నుంచి.

"పోనీ, ఎప్పుడొస్తావ్?" లయొనెల్ గొంతు దిగిపోయింది.

హెట్టీ వెస్టన్ ప్రయాణానికి సర్దుకున్న పెట్టె అందుకుంది. "ఈసారి జట్టు కట్టేటప్పుడు నాకూ ఓ ఉత్తరం రాయండి. వీలుంటే ఆడతాను."